చిన్నాయన గడ్డివామి కాలిన ఎండాకాలం

జర్మనీ నుంచి తిరిగొచ్చిన కొత్తల్లో మా ఊళ్లో అందరూ నన్ను ఒకటే అడిగేవాళ్లు, ఆడ ఏం చదివినావని. బళ్లారిలో నేను చదివే కాలేజీ వాళ్లు స్టూడెంట్ ఎక్స్చేంజి కింద పంపితే వెళ్లాను. అక్కడ ఒక ఇంట్లో వాళ్ల పిల్లలాగా ఉండి, వాళ్ల బడిలోనే చదువుకుని, ఏడాది కాగానే వెనక్కి రావాలి. చదువు గురించి చెప్పడం సులభంగానే ఉండేది. కానీ అక్కడ నేను నిజంగా నేర్చుకున్న పని వేరే. అది చెప్తే మా వాళ్లు నవ్వేవాళ్లు. నేను నేర్చుకున్నది మంటలార్పడం.

అది చిన్న ఊరు. చుట్టూ గోధుమ పొలాలు, నడుమ ఒక చర్చి, ఒక బడి, ఒక బేకరీ. నేను ఉన్న ఇంటావిడదే ఆ బేకరీ. వెళ్లిన కొత్తల్లో ఒక శనివారం పొద్దున కౌంటర్ ముందు జనం వరసగా నిలబడి ఉండగా, ఆవిడ నడుముకు తగిలించుకున్న చిన్న పెట్టె ఒకటి కీచుమని అరిచింది. పిసుకుతున్న పిండి బల్ల మీదే వదిలేసి, ఏప్రన్ విప్పి నా చేతిలో పెట్టి, వెనక తలుపు నుంచి పరుగు తీసింది. ఎవరి ప్రాణం మీదికో వచ్చిందనుకున్నాను. వరసలో ఉన్నవాళ్లు మాత్రం కదల్లేదు. ఒక ముసలాయన కౌంటర్ లోపలికి వచ్చి తన బ్రెడ్డు తానే తీసుకుని, వెనకున్నవాళ్లకూ అందించడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఆవిడ మొహమంతా మసితో తిరిగొచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ ఊళ్లో మంటలార్పే దళానికి ఆమే పెద్ద అని. అందులో బడి పంతులు ఉన్నాడు, కరెంటు పనిచేసే అతను ఉన్నాడు, పాల రైతులు ఉన్నారు. పెట్టె అరిస్తే ఎక్కడి పని అక్కడ వదిలి పరుగెత్తుతారు.

"జీతమెంత ఇస్తారు?" అని అడిగాను.

"ఎవరిస్తారు?" అని ఆవిడ తిరిగి నన్నే అడిగింది. వెటకారం కాదు. నా ప్రశ్న ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

ఆ ఊళ్లో పిల్లలకు కూడా ఒక దళం ఉంది. శుక్రవారం సాయంత్రాలు వాళ్లకు నేర్పుతారు. నాకక్కడ స్నేహితులు లేరు, భాష సగం సగం. ఇంట్లో కూర్చుని ఏడవడం కంటే నయమని చేరాను. పైపు మెలిక పడకుండా ఎలా పరవాలి, నీళ్లు వదిలినప్పుడు దాని తన్ను ఎలా తట్టుకోవాలి, ముందు గాలి ఎటుందో ఎందుకు చూడాలి, ఇవన్నీ నేర్చుకున్నాను. పెద్దవాళ్లు మమ్మల్ని అసలు మంట దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. దూరం నుంచి ఒక్కసారి మాత్రం చూశాను. ఒక రైతు కొట్టం తగలబడుతోంది. ఆయన తల పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. మా ఇంటావిడ కొట్టం మీద ఒక్క చుక్క పోయించలేదు. పైపులన్నీ పక్కింటి గోడల మీదికి తిప్పించింది. అంత కర్కశంగా ఎలా ఉంటుందా అనిపించి, ఇంటికొచ్చాక అడిగాను.

"ఆ కొట్టం మేం పోయేసరికే పోయింది. దాని మీద నీళ్లు పోస్తూ కూర్చుంటే పక్కిల్లు కూడా పోయేది. ఆ ఇంట్లో పిల్లలున్నారు" అంది, చేతులు కడుక్కుంటూ.

మా ఊరు బళ్లారి జిల్లాలో, సిరిగేరి దగ్గర. కాలువ నీళ్లు, రెండు పంటల వరి. ఊరికి ఒక కొసన మాలాంటి భూమున్న వాళ్ల ఇళ్లు, ఇంకో కొసన కూలి చేసుకునేవాళ్ల కాలనీ. కాలనీలో రేకుల ఇళ్లు కొన్ని, బోదగడ్డి కప్పిన కొట్టాలు చాలా. నేను తిరిగొచ్చిన ఎండాకాలంలోనే అక్కడ మంటలు లేచాయి. ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ ఎగిరిందన్నారు. "బెంకి! బెంకి!" అని, నిప్పు నిప్పని కన్నడంలో కేకలు విని మేమంతా పరుగెత్తాం. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఒకరు బిందె తెస్తే ఇంకొకరు లాక్కుంటున్నారు. కాలే కొట్టం మీద నీళ్లు పోస్తూ పక్క కొట్టం వైపు ఎవరూ చూడలేదు. తాలూకా నుంచి ఫైరింజన్ వచ్చేసరికి ఒక వరసంతా బూడిదైంది. నాకేం చేయాలో తెలుసు. కానీ పదిహేడేళ్ల ఆడపిల్ల మాట అంత గోలలో ఎవరు వింటారు? గొంతు చించుకుని అరిచినా నా మాట నాకే వినిపించలేదు.

ఆ కాలిన ఇళ్లలో ఒకటి నా స్నేహితురాలిది. పదో తరగతి దాకా ఇద్దరం ఒకే బెంచీ. వాళ్లమ్మ కుట్టు మిషను ఆ మంటలో కాలిపోయింది. మిషను ఇనుప చట్రం ఒక్కటే నల్లగా మిగిలింది. మర్నాడు పోయేసరికి నా స్నేహితురాలు దాన్ని ఇసుకతో రుద్దుతూ ఉంది.

"ఆ దేశంలో మంటలార్పేది నేర్చుకున్నా అంటివి కదా. మాకు నేర్పు" అంది, తలెత్తకుండానే.

ఏమేం కావాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఫైరింజన్ ఎక్కడ తెస్తాం? నా స్నేహితురాలికే తట్టింది. "వరికి మందు కొట్టే పంపు ఉండాది కదా. ట్యాంకరుకు తగిలిస్తే చాలదా?" వరి పొలాల్లో మందు కొట్టడానికి ఇంజను పంపు, పొడుగాటి పైపు మా వాళ్లందరి ఇళ్లలో ఉంటాయి. కానీ అందరికంటే పెద్ద పంపు, నీళ్ల ట్యాంకరు రెండూ ఉన్నది మా చిన్నాయనకే, అంటే మా నాయన తమ్ముడికి.

మా నాయన వద్దన్నాడు. "ఊరి పని మీద పడేదానికి నువ్వేమన్నా పంచాయితీ మెంబరువా? గమ్మున చదువుకో."

చిన్నాయన మాత్రం పెద్దగా నవ్వి, "ఇస్తా పో. జర్మనీకి పోయొచ్చిన పాప అడిగితే లేదంటానా?" అన్నాడు. ఆయన మనసు అట్లాంటిది. హోటల్లో కూర్చుని టీ తాగేవాళ్లందరికీ చెప్పుకునేవాడు, "మా అన్న కూతురప్పా, ఫైరు ఆఫీసరు" అని. ట్యాంకరు ట్రాక్టరు తోలడానికి తన కొడుకునే పంపాడు. వాడు నాకంటే రెండేళ్లు పెద్ద. డిగ్రీ మధ్యలో మానేసి ట్రాక్టరు, లారీ చూసుకుంటున్నాడు. నాకు అన్న.

ఆదివారాలు బడి మైదానంలో నేర్చుకోవడం మొదలుపెట్టాం. మొదటి వారం చాలామంది వచ్చారు. ఎక్కువమంది ఒకరి మీద ఒకరు నీళ్లు కొట్టుకుని, ఫోన్లలో వీడియోలు తీసుకుని వెళ్లిపోయారు. రెండో వారం కాలనీ పిల్లలు, మా వీధి పిల్లలు విడివిడిగా నిలబడ్డారు. పైపు ముందు భాగం ఎవరు పట్టుకోవాలన్న దగ్గర గొడవొచ్చింది. "మా పంపు, మా ట్యాంకరు. ముందర మావోళ్లే ఉండల్ల" అన్నాడు మా వీధి పిల్లోడొకడు. "కాలేది మా ఇండ్లు" అంది నా స్నేహితురాలు. మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. అన్న ట్రాక్టరు దిగి ఇద్దరి మధ్యా నిలబడకపోతే ఆ రోజుతోనే మా దళం ముగిసిపోయేది.

ఆ గొడవ తర్వాతే ఒక మాట అనుకున్నాం. వారానికొకరు పెద్ద. ఆ వారం ఏదైనా జరిగితే ఆ ఒక్కరి మాటే వినాలి. తిట్టాలనుంటే మంట ఆరినాక తిట్టుకోవచ్చు. చాలామందికి ఇది నచ్చక వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం ఒక ట్రాలీలో పట్టేంతమందిమి. అయినా పని వచ్చింది. గోనెసంచులు తడిపి కప్పు మీదికి విసరడం, మంచాన పడ్డవాళ్లను దుప్పట్లో వేసుకుని మోయడం, కాలువలోంచి ట్యాంకరు తొందరగా నింపడం, అన్నీ చేసి చేసి చేతులకు అలవాటయ్యాయి. ఆ ఏడాది చిన్నచిన్నవి రెండు మూడు ఆర్పాం. ఒక పశువుల పాక, ఒక చెత్త కుప్ప. ఊళ్లో నవ్వడం తగ్గింది.

తర్వాతి ఎండాకాలం, రెండో పంట కోతలైపోయాయి. మిషన్లు కోసి పోయిన పొలాల్లో మోళ్లు ఎండి గలగలమంటున్నాయి. చిన్నాయన ఆ ఏడు గడ్డి బాగా పోగుచేశాడు. ఊరికీ కాలనీకీ మధ్య ఆయన కల్లం ఉంది. అందులో మూడు వామిలు వేసి, పక్కనే గేదెలను కట్టేసేవాడు. ఆ కల్లం దాటితే ఒక సందు, ఆ సందు దాటితే కాలనీ కొట్టాలు.

ఆ వారం పెద్దని నేను.

మధ్యాహ్నం అన్నం తింటుండగా గాలి లేచింది. తలుపులు దబదబా కొట్టుకున్నాయి. కంచం ముందునుంచి లేచి బయటికి చూస్తే, కాలువ వైపు పొలాల మీద నల్లటి పొగ నేలకు ఆనుకుని చిన్నాయన కల్లం వైపు పాకుతూ వస్తోంది. ఎవరో మోళ్లకు నిప్పు పెట్టారు, గాలికి అది చెయ్యి జారింది. ఎవరు పెట్టారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

ఫోన్లో మా దళం గ్రూపులో ఒక్క మాట పెట్టాను, కల్లం అని. అన్న అప్పటికే ట్రాక్టరు స్టార్టు చేశాడు. ట్యాంకరు నిండా నీళ్లున్నాయి. దారిలో ఒక్కొక్కరే ఎక్కారు. నా స్నేహితురాలు కాలనీ వైపు నుంచి పరుగెత్తుకొచ్చి ఎదురైంది.

"ఫైరింజన్‌కి ఫోను చేసినా. వేరే ఊరికి పోయిందంట. వస్తామన్నారు, కానీ లేటవుతుందన్నారు" అని రొప్పుతూ చెప్పింది.

మేం కల్లం చేరేసరికి మొదటి వామి అంటుకుంది. మామూలుగా గడ్డి నెమ్మదిగా రాజుకుంటుంది. ఆ రోజు అట్లా కాదు. గాలి మంటను పట్టుకుని లాగుతున్నట్టుంది. వామి పైకప్పు గాల్లోకి లేచి, మండే గడ్డి పరకలు గుంపులు గుంపులుగా ఎగిరి కాలనీ వైపు పోతున్నాయి. చిన్నాయన పంచె ఎగ్గట్టి గేదెల దగ్గరికి దూకాడు. గేదెలను కట్టిన తలుగులు కాలిపోతున్నాయి. వాటిని చేత్తోనే పట్టి లాగి తెంపాడు. గేదెలు బెదిరి రోడ్డెక్కాయి. ఆయన మా వైపు తిరిగి అరిచాడు.

"ఈడ కొట్టండి! రెండో వామికి అంటుకోలేదు ఇంకా! బిన్నా కొట్టండి!"

నేను రెండో వామిని చూశాను. దాని అంచు అప్పటికే ఎర్రగా ఉంది. కాలనీ వైపు చూశాను. మొదటి కొట్టం మీద ఒక గడ్డి ముద్ద పడి, పొగలొస్తున్నాయి. కప్పు మీద ఒకాయన చెప్పుతో దాన్ని కొడుతున్నాడు. కింద ఆడవాళ్లు సామాన్లు బయటికి విసురుతున్నారు. మా దగ్గర ఉన్నది ఒక్క ట్యాంకరు. కాలువకు పోయి నింపుకొచ్చేలోపు ఏదో ఒకటి పోతుంది.

నా కళ్ల ముందు గడ్డి లేదు. చిన్నప్పటి నుంచి నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి ఉన్నాడు, కాలిన చేతులతో.

"అన్నా, సందులోకి తిప్పు" అన్నాను. "కాలనీకి."

అన్న నా వైపు తిరిగి చూశాడు. "మే, అది మా నాయన గడ్డి" అన్నాడు, అరవకుండా, నాకు మాత్రమే వినిపించేలా.

"తెలుసు. తిప్పు."

మా మాట వినబడకపోయినా, చిన్నాయన ట్రాక్టరు చక్రాలు సందు వైపు తిరగడం చూశాడు. వచ్చి బండి ముందర నిలబడ్డాడు. చేతులు రెండూ చాచాడు. "యాడికి పోతాండారు? రేయ్! యాడికి? ఇది కాలిపోతాంటే యాడికి పోతాండావురా?"

అన్న బండి ఆపాడు. ఇంజను దడదడమంటోంది. గాలికి మంట పెద్దగా ఊదినట్టు శబ్దం చేసింది. కాలనీ నుంచి ఎవరో ఆడమనిషి ఏడుపు వినబడింది. ఆ నిలబడ్డ కాసేపట్లో అన్న మొహం చూడలేక నేను పైపు వైపు చూస్తూ ఉన్నాను. ఇప్పటికీ ఎవరైనా ధైర్యం అంటే నాకు గుర్తొచ్చేది నేను చెప్పిన మాట కాదు, ఆ తర్వాత అన్న చేసిన పని.

"నాయనా, పక్కకి జరుగు" అన్నాడు. "ఆడ మనుషులుండారు నాయనా. జరుగు."

చిన్నాయన జరగలేదు. అన్న బండిని వెనక్కి తీసి, కంచె కర్రలు విరుచుకుంటూ పక్కనుంచి సందులోకి పోనిచ్చాడు.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పైపు కంచెకు చిక్కుకుని నీళ్లు రాలేదు. ఎవరో పాకుతూ పోయి విడిపించారు. పైపు ముందు నా స్నేహితురాలు, వెనక మా వీధి పిల్లోడు, ఆ మొదట్లో గొడవ పెట్టుకున్న వాడే. పొగలొస్తున్న కప్పును వదిలేసి దాని పక్క కప్పులన్నీ తడపమని అరిచాను. ఆ ఇంటాయన నన్ను బూతులు తిట్టాడు. నేను తల తిప్పలేదు. చివరి కొట్టంలో ఒక తాత కాళ్లు పడిపోయి మంచంలోనే ఉంటాడు. ఇద్దరు పోయి దుప్పట్లో మోసుకొచ్చారు. ఆయన "నా చెప్పులు, నా చెప్పులు" అంటున్నాడు. తడిపిన గోనెసంచులు ఒకరి చేతి నుంచి ఒకరికి పోయి కప్పుల మీద పడ్డాయి. ట్యాంకరులో నీళ్లు అయిపోయి పైపు గాలి కక్కింది. అన్న ట్యాంకరుతో కాలువకు పరుగు తీశాడు. ఆ మధ్యలో బిందెలతోనే తడిపాం. ఈసారి ఎవరూ లాక్కోలేదు. నీళ్ల కుళాయి దగ్గరి నుంచి కొట్టాల దాకా వరసగా నిలబడి అందించారు.

రెండో ట్యాంకరుతో పాటే ఫైరింజన్ కూడా వచ్చింది. మిగతాది వాళ్లు చూసుకున్నారు.

ఒక కొట్టం సగం కప్పు పోయింది. ప్రాణం ఎవరిదీ పోలేదు. కల్లంలో మూడు వామిలూ కాలి, బూడిద కూడా గాలికి పోయి, నేల మీద మూడు నల్లటి గుండ్రాలు మిగిలాయి.

చిన్నాయన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉన్నాడు. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. నేను దగ్గరికి పోయి, "చిన్నాయనా, ఆస్పత్రికి పోదాం రా" అన్నాను. నా వైపు చూడలేదు. మా నాయన స్కూటరు తెస్తే దాని మీద పోయాడు.

ఆ సాయంత్రం నుంచి ఊళ్లో మాటలు రెండుగా చీలాయి. కాలనీ వాళ్లు నాకు దండాలు పెడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మా వీధిలో మాత్రం "సొంతోళ్ల గడ్డి కాలుతాంటే ఊరోళ్లను ఉద్ధరించేదానికి పోయింది" అన్నారు. చిన్నాయన హోటల్లో ఒకటే మాట అనేవాడట: "బెంకి కాల్చలేదప్పా నా వామి. మా అన్న కూతురు కాల్చింది." గేదెలకు మేత లేదు. వానలు పడి పచ్చిగడ్డి వచ్చేదాకా వాటికేం పెట్టాలి? ఆ బాధ నిజమైనదే. ఆయన కోపాన్ని నేను ఒక్క రోజు కూడా తప్పు పట్టలేకపోయాను. పంపు, ట్యాంకరు షెడ్డులో పెట్టి తాళం వేశాడు. అన్నతో మాట మానేశాడు. అన్న అన్నానికి మా ఇంటికి వచ్చేవాడు. తినేటప్పుడు తల ఎత్తేవాడు కాదు.

మా నాయన నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఒకరోజు పెరట్లో మొహం కడుక్కుంటూ, "ఆ వామి తడిపింటే నిలిచేదా?" అని అడిగాడు.

"రెండోది నిలవదు. మూడోది ఏమో. చెప్పలేను" అన్నాను.

"మూడోది నిలిచింటే?"

"కాలనీ పోయేది."

ఆయన తువ్వాలతో చాలాసేపు మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. "మా తమ్ముడప్పా వాడు" అన్నాడు చివరికి, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు.

జర్మనీలో మా ఇంటావిడకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి ఏడ్చాను. మంచి పని చేశావంటుందని ఆశపడ్డాను. ఆవిడ అట్లా అనలేదు. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగింది. చిన్నాయన చేతుల గురించి చెప్పాను. ఆవిడ, "మీ పైపు ఆరబెట్టారా? తడిగా చుడితే కుళ్లిపోతుంది" అంది. ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది. ఆ మర్నాడు గుర్తొచ్చింది, ఆవిడ ఆర్పకుండా వదిలేసిన ఆ కొట్టం రైతు, ఆవిడ బేకరీకి మళ్లీ వచ్చేవాడా అని నేను ఎప్పుడూ అడగలేదు.

మా వీధి పిల్లల్లో సగంమందిని ఇళ్లలో ఆపేశారు. పంపు లేదు. అయినా ఆదివారం మైదానానికి పోయాం. బిందెలు, గోనెసంచులు, తాడు, అంతే. ఎవరైనా చూస్తే పిచ్చివాళ్లు అనుకునేవాళ్లు. ఆ గొడవ పిల్లోడు ఇంట్లో చెప్పకుండా గోడ దూకి వచ్చాడు.

గడ్డి సంగతి నా స్నేహితురాలు మొదలుపెట్టింది. కాలనీ ఆడవాళ్లు కూలికి పోయే పొలాల్లో మిషను వదిలేసిన గడ్డిని ఆసాములను అడిగి ఏరి, మోపులు కట్టి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చిన్నాయన ఇంటి ముందు దించారు. చిన్నాయన బయటికి వచ్చి, "ఎవురు అడిగినారు మిమ్మల్ని? తీసకపోండి" అని గట్టిగా అరిచాడు. వాళ్లు తీసుకుపోలేదు. అట్లాగని వాదించనూ లేదు. మోపులు అక్కడే ఉండిపోయాయి. రెండు రోజులు ఆ మోపుల పక్కనుంచే ఆయన ఇంట్లోకీ బయటికీ తిరిగాడు. మూడోనాడు గేదెలు అరుస్తుంటే చిన్నమ్మ ఆగలేకపోయింది. గేటు తీసి మోపులు లోపలికి లాక్కుంది. చిన్నాయన చూసి కూడా ఏమీ అనలేదట. ఆ తర్వాత వానల దాకా ఎవరో ఒకరు మోపు తెస్తూనే ఉన్నారు. ఆయన ఒక్కసారి కూడా తీసుకోలేదు, ఒక్కసారి కూడా వద్దనలేదు.

వానాకాలం నడుమ ఒక ఆదివారం ఆయనే మైదానానికి వచ్చాడు. అందరం బిందెలు దించి నిలబడ్డాం. చేతులకు కట్లు లేవు, అరచేతుల మీద చర్మం మాత్రం తెల్లగా మెరుస్తోంది. నన్ను కాదు, అందరినీ కలిపి చూస్తూ అడిగాడు.

"మల్లా ఇట్లనే అయితే ఏం చేస్తారు?"

అన్న నేల చూస్తున్నాడు. ఈసారి ఇంకోలా చేస్తాం అని ఒక్క మాటంటే, పంపు వచ్చేది, అన్న ఇంటికి పోయేవాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇట్లనే చేస్తాం చిన్నాయనా" అన్నాను.

ఆయన నా వైపు మొదటిసారి చూశాడు. కోపం ఉంది. దాని వెనక ఇంకేదో కూడా ఉంది, అది నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నా స్నేహితురాలు నా భుజం మీద చెయ్యి వేసింది. ఇక అయిపోయిందనుకున్నాం.

ఆ పంట కోతలప్పుడు చిన్నాయన గడ్డిని కల్లంలో వేయలేదు. రోడ్డు అవతల, ఇళ్లకు దూరంగా, కాలువ గట్టు పక్కన ఒక చెక్క నేల చదును చేయించి, వామికీ వామికీ మధ్య ట్రాక్టరు తిరిగేంత చోటు వదిలి వేయించాడు. ఎందుకని హోటల్లో అడిగితే, "మా అన్న కూతురిని నమ్ముకుని కూర్చోలేం కదప్పా. మన గడ్డి మనమే కాపాడుకోవల్ల" అన్నాడట. అందరూ నవ్వారట. కానీ ఆ ఏడు చాలామంది ఆయన పక్కనే వామిలు వేశారు. కాలనీ పక్కన ఒక్క వామి కూడా లేదు. వామిలు ఇళ్లకు దూరంగా వేయమని మేం ఊరంతా తిరిగి చెప్పినా జరగని పని, ఆయన మా మీద కోపంతో చేసి చూపించాడు.

పంపు ఎప్పుడు వచ్చిందో చెప్పాలంటే, అది కూడా ఒక ఆదివారమే. అన్న ట్యాంకరుతో మైదానంలోకి వచ్చాడు. తాళం ఎట్లా వచ్చిందని అడిగితే, "తాళం వేయలే నిన్న" అన్నాడు. ఆ రోజు నుంచి అతను మళ్లీ వాళ్లింట్లోనే తింటున్నాడు. తండ్రీ కొడుకుల మధ్య ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు.

ఇప్పుడు నేను బళ్లారిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. దళానికి నా స్నేహితురాలే పెద్ద. మా వైపే ఉన్న ఎమ్మిగనూరు నుంచి కొందరు పిల్లలు వచ్చి చూసి, వాళ్ల ఊళ్లో కూడా మొదలుపెట్టారు. శని, ఆదివారాలు నేను బస్సులో ఊరికి పోతాను. చిన్నాయన ఇంటికి పోతే చిన్నమ్మ కాఫీ ఇస్తుంది. ఆయన ఉంటే, నాతో చెప్పాల్సింది చిన్నమ్మకు చెప్తాడు. "పాప సన్నగయింది, హాస్టల్లో తిండి సరిగా పెట్టరేమో అడుగు" అంటాడు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. చిన్నాయన నంబరు. ఆ మంట తర్వాత ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఇంట్లో ఎవరికేమైందో అనుకున్నాను. వరండాలోకి పరుగెత్తి ఎత్తాను.

"పాపా, యాడుండావు? కాలువ పక్క ఎవరో మోళ్లు కాలుస్తాండారు. గాలి ఎక్కువుండాది. మీవోళ్లకు చెప్పు బిన్నా."

"చిన్నాయనా, మీ వామిలకా?"

"వామిలకు కాదు. కాలనీ పక్కకు పోతాండాది. చెప్పు ముందు."

నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. వాళ్లు అప్పటికే బయల్దేరారు. ఆ తర్వాత గంటసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. మనం లేని చోట మంట ఉంటే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. చివరికి అన్న ఫోన్ చేశాడు. కొట్టాలకు అందకముందే ఆపామని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాడు.

"మా నాయన కూడా వచ్చినాడు. పైపు పట్టుకుంటానని నిలబడినాడు. చేతులకు పట్టు సరిగా లేదు కదా, ఆయన వెనకాల నేను పట్టుకున్నా" అన్నాడు.

తర్వాతి ఆదివారం ఊరికి పోయినప్పుడు ఆ సంగతి చిన్నాయనను అడుగుదామనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన పేపరులో సగం తీసి నా వైపు జరిపాడు. నేను అడగలేదు.